వేడి ఒక్కటే చాలదు, గాలి కూడా కలిసి రావాలి: ధ్రువాల మంచు కరుగుదలలో వాతావరణ ప్రసరణ పాత్ర

2018 వేసవిలో గ్రీన్‌లాండ్ మంచు పలకకు పెద్దగా నష్టం జరగలేదు. 2017, 2018 రెండేళ్లూ కలిపి చూస్తే, 2003 తర్వాత వరుసగా ఏ రెండేళ్లలోనూ అంత తక్కువ మంచు పోలేదు. మరుసటి ఏడాది, అంటే 2019లో, అదే మంచు పలక 532 గిగాటన్నులు కోల్పోయింది. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. గురుత్వాకర్షణలో వచ్చే తేడాలను బట్టి మంచు బరువును లెక్కించే గ్రేస్ ఉపగ్రహాలు 2002లో తూకం వేయడం మొదలుపెట్టాక అప్పటిదాకా నమోదైన వార్షిక నష్టాల్లో అదే పెద్దది. అంతకుముందు రికార్డు 2012ది, 464 గిగాటన్నులు.

2018కీ 2019కీ మధ్య భూగోళపు సగటు ఉష్ణోగ్రతలో తేడా డిగ్రీలో పదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. ఇంత చిన్న తేడా నష్టాన్ని అన్ని రెట్లు పెంచదు. ఆ రెండు వేసవుల్లో గ్రీన్‌లాండ్ మీద గాలి నడిచిన తీరే వేరు. భూమి వేడెక్కడం వల్ల మంచు కరుగుతోందన్నది నిజమే. కానీ ఏ ఏడాది, ఏ వైపున, ఎంత కరుగుతుందో తేల్చేది ఆ వేడిని మోసుకొచ్చే గాలి. ధ్రువాల మంచు గురించి వచ్చే వార్తల్లో ఈ సగం తరచూ కనబడదు. సముద్రమట్టం అంచనాల్లోని పెద్ద అనిశ్చితుల్లో ఒకటి ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని వివరంగా చూడాలి.

కదలని అధిక పీడనం

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గాలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మబ్బు పట్టి వాన పడుతుంది. అధిక పీడనం దీనికి తలకిందులు. పై గాలి కిందికి దిగుతుంది, దిగుతూ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. బయటి నుంచి వేడి అందకపోయినా, కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. వేడెక్కిన గాలిలో మబ్బు నిలవదు, ఆకాశం తేటపడుతుంది.

ఉత్తరార్ధగోళంలో పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తే జెట్ ప్రవాహం, అంటే బాగా ఎత్తున వేగంగా వీచే గాలుల పట్టీ, ఎప్పుడూ తిన్నగా ఉండదు, వంకర్లు పోతుంది. ఒక్కోసారి ఆ వంపు బాగా పెద్దదై ఉత్తరానికి ఉబ్బి, అక్కడే విరిగి, ఒక అధిక పీడన గుట్టను వదిలేస్తుంది. వెనక వచ్చే తుఫాన్లు దాన్ని దాటలేక పక్కదారి పడతాయి. వాతావరణ శాస్త్రంలో దీన్ని బ్లాకింగ్ అంటారు. గ్రీన్‌లాండ్ మీద అలాంటి గుట్ట కూర్చుంటే వారం పది రోజులు కదలకపోవచ్చు. 2019 జూన్, జులై, ఆగస్టుల్లోని 92 రోజుల్లో 63 రోజులు అధిక పీడన పరిస్థితులే నడిచాయి. 1981-2010 సగటు 28 రోజులే.

2018లో దీనికి పూర్తి విరుద్ధం. ఐస్‌లాండ్ దగ్గరి అల్పపీడనం లోతుగా, అజోర్స్ దీవుల దగ్గరి అధిక పీడనం బలంగా ఉండటంతో పడమటి గాలులు జోరుగా వీచాయి. ఈ రెండు కేంద్రాల మధ్య పీడన తేడా పెరగడం, తగ్గడాన్నే ఉత్తర అట్లాంటిక్ డోలనం అంటారు. ఆ వేసవి అది బాగా ధనాత్మకంగా ఉంది. గ్రీన్‌లాండ్ చల్లగా ఉండిపోయింది. అదే వేసవి ఉత్తర ఐరోపా ఎండిపోయి, స్వీడన్ అడవులు అంటుకున్నాయి.

బ్లాకింగ్ మంచును మూడు రకాలుగా దెబ్బతీస్తుంది. దిగే గాలి వేడెక్కడం మొదటిది, ఆకాశం తేటపడి ఎండ నేరుగా తగలడం రెండోది. మూడోది గాలి దిశ. ఉత్తరార్ధగోళంలో అధిక పీడనం చుట్టూ గాలి గడియారపు ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది కాబట్టి, గుట్ట గ్రీన్‌లాండ్ నడినెత్తిన ఉంటే దాని పశ్చిమ తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి గాలి వీస్తుంది. గ్రీన్‌లాండ్‌కు నైరుతిన ఉన్న లాబ్రడార్ సముద్రం మీది వెచ్చదనం, తేమ నేరుగా పశ్చిమ వాలు మీదకు చేరతాయి.

ఈ గుట్టను కొలవడానికి ఒక సూచీ ఉంది. 60 నుంచి 80 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 20 నుంచి 80 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల మధ్య 500 హెక్టోపాస్కల్ పీడనం (సముద్రమట్టం దగ్గరి పీడనంలో దాదాపు సగం) ఎంత ఎత్తున ఉందో చూసి సగటు తీస్తారు. మామూలుగా అది ఐదున్నర కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఇందులో తేలిగ్గా మోసపోయే చోటొకటి ఉంది. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది, అప్పుడు గాలి తీరేమీ మారకపోయినా ఆ ఎత్తు పెరుగుతుంది. సూచీ పెరిగింది కాబట్టి బ్లాకింగ్ పెరిగిందని తేల్చేయకూడదు. అర్ధగోళమంతటా జరిగిన పెరుగుదలను తీసేశాక మిగిలిందే ప్రసరణలో వచ్చిన మార్పు. అలా తీసేసినా 1990ల తర్వాత వేసవి బ్లాకింగ్ పెరిగిన జాడ మిగిలింది.

చదరపు మీటరు మంచు మీద లెక్క

ఇప్పుడు ఒక్క చదరపు మీటరు మంచు దగ్గరకు వెళ్దాం. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచు నీరు కావాలంటే 334 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి. చదరపు మీటరుకు 100 వాట్ల శక్తి రోజంతా మిగులుగా అందితే 86.4 లక్షల జౌళ్లు, అంటే 26 కిలోల మంచు కరుగుతుంది. ఇది 26 మిల్లీమీటర్ల నీటితో సమానం. ఈ ఒక్క లెక్క గుర్తుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

జూన్‌లో గ్రీన్‌లాండ్‌లోని ఎక్కువ భాగంలో సూర్యుడు అస్తమించడు. తేటగా ఉన్న రోజు సగటున 300 వాట్ల ఎండ పడిందనుకుందాం. కొత్తగా పడిన మంచు అందులో 85 శాతాన్ని తిప్పికొడుతుంది, మిగిలేది 45 వాట్లు. మబ్బు లేదు కాబట్టి ఉపరితలం నుంచి పరారుణ రూపంలో 60 వాట్లు ఆకాశంలోకి పోయాయనుకుంటే, లెక్క మైనస్ 15. అంటే కళ్లు చెదిరే ఎండలో కూడా తెల్లటి కొత్త మంచు కరగదు. అదే ఎండ, పై మంచు పోయి బయటపడ్డ నీలి, బూడిద రంగు గట్టి మంచు మీద పడితే 45 శాతమే తిరిగి పోతుంది. 165 వాట్లు లోపలికి, 60 బయటికి, మిగులు 105. రోజుకు 27 మిల్లీమీటర్లు కరిగిపోతుంది.

ఇప్పుడు మబ్బు పట్టింది. ఎండ 160 వాట్లకు పడిపోయింది. కానీ మబ్బు దుప్పటిలా కప్పడం వల్ల బయటికి పోయే వేడి 5 వాట్లకు తగ్గింది. తెల్ల మంచుకు 24లోంచి 5 తీసేస్తే 19 వాట్ల మిగులు, రోజుకు 5 మిల్లీమీటర్ల కరుగుదల. గట్టి మంచుకు 88లోంచి 5 పోగా 83, అంటే 21 మిల్లీమీటర్లు. ఇవి విషయం తేటపడటానికి వేసుకున్న ఉజ్జాయింపు అంకెలే అయినా, వీటిలో కనబడేది నిజం. తెల్ల మంచును కరిగించేది మబ్బు, నల్లబడ్డ మంచును ఎక్కువగా కరిగించేది ఎండ. గ్రీన్‌లాండ్‌లో మబ్బుల వల్ల కరుగుదల పెరిగిందని ఒక పరిశోధన, మబ్బులు తగ్గినందుకే పెరిగిందని ఇంకొకటి చెబితే చదివేవారు తికమకపడతారు. రెండూ సరైనవే కావచ్చు. ఒకటి ఎత్తైన లోతట్టు ప్రాంతం గురించి చెబుతుంది, రెండోది తీరానికి దగ్గరి అంచుల గురించి.

2019లో ఈ అంచులే దెబ్బతిన్నాయి. అంతకుముందు శీతకాలంలో చాలాచోట్ల మంచు తక్కువ పడింది. పల్చటి తెల్ల పొర వేసవి మొదట్లోనే కరిగిపోయి, కింది నల్లటి మంచు ముందుగానే ఎండకు చిక్కింది. దానిపైన 63 రోజుల అధిక పీడనం. జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదు చేసిన వడగాలి ఆ నెలాఖరుకు గ్రీన్‌లాండ్ చేరిందన్నదే అప్పట్లో పెద్ద వార్త అయింది. ఆ కొద్ది రోజుల వేడి నిజమే. కానీ ఏడాది నష్టంలో అసలు వాటా వార్తకెక్కని ఆ తేట ఎండల రోజులదే.

2012 జులై: పల్చటి మబ్బు చేసిన పని

2012 జులై 8న గ్రీన్‌లాండ్ మంచు పలక ఉపరితలంలో 40 శాతం కరుగుదల కనిపించింది. జులై 12 నాటికి అది 97 శాతానికి చేరింది. సముద్రమట్టానికి 3,200 మీటర్ల ఎత్తున, మంచు పలక నడినెత్తిన ఉన్న సమిట్ పరిశోధనా కేంద్రం దగ్గర కూడా మంచు తడిసింది. మంచు పొరల నమూనాలు తవ్వి చూస్తే అక్కడ అంతకుముందు అలా జరిగింది 1889లో.

ఆ ఎత్తున ఉండేది మెరిసే తెల్ల మంచు. పై లెక్క ప్రకారం ఎండ ఒక్కటే దాన్ని కరిగించలేదు. అధిక పీడనం పడమటి అంచు వెంట వచ్చిన వెచ్చని తేమ గాలి అక్కడ తక్కువ ఎత్తులో పల్చటి మబ్బు పరిచింది. ఆ మబ్బులో ఉన్నవి మంచు స్ఫటికాలు కావు, సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులు. మబ్బు ఇంకా మందంగా ఉంటే ఎండ ఆగిపోయేది, ఇంకా పల్చగా ఉంటే కింది వేడి తప్పించుకుపోయేది. ఎండను లోపలికి రానిచ్చి, వేడిని బయటికి పోనివ్వని ఆ సరైన మందమే సమిట్‌ను సున్నా దాటించింది.

జులై 11న పశ్చిమాన కాంగెర్లుసువాక్ దగ్గర వాట్సన్ నది ఉప్పొంగి వంతెనను తెంచేసింది. ఆ నీరు సమిట్ నుంచి వచ్చింది కాదు. సమిట్ దగ్గర కరిగింది కొన్ని సెంటీమీటర్లు ఇంకి, అక్కడే మళ్లీ గడ్డకట్టింది. వంతెనను తెంచిన నీరు కింది అంచుల్లోది. 97 శాతం కరిగిందన్న అంకె ఎంత విస్తీర్ణం తడిసిందో చెబుతుంది, ఎంత మంచు పోయిందో చెప్పదు. ఈ రెండూ కలగలిపేయడం ఇప్పటికీ తరచూ జరిగే పొరపాటు.

అయితే తిరిగి గడ్డకట్టిన నీటిని లెక్కలోంచి తీసేయడమూ తప్పే. కిలో నీరు గడ్డకడుతూ విడిచే 334 కిలోజౌళ్లు, 160 కిలోల మంచును ఒక డిగ్రీ వెచ్చబరుస్తాయి. లోతట్టు మంచు పలక పై భాగం అచ్చమైన గట్టి మంచు కాదు. ఏళ్ల తరబడి పడిన మంచు నొక్కుకుపోయి, మధ్య మధ్య గాలి ఖాళీలున్న పొర. దాన్ని ఫిర్న్ అంటారు. వేసవి నీటిని స్పాంజిలా పీల్చుకుని సముద్రానికి పోకుండా ఆపేది అదే. వరుసగా కొన్ని గట్టి వేసవులు వస్తే ఆ ఖాళీలు నిండి, మీటర్ల మందాన గట్టి మంచు పొరలు లోపలే కట్టుకుంటాయి. ఆ తర్వాత వేసవి మామూలుగా ఉన్నా నీరు ఇంకదు, పైపైనే పారి సముద్రం చేరుతుంది. 2012 వంటి వేసవి దెబ్బ ఆ ఏడాది తూకంతో ముగిసిపోకపోవడానికి కారణం ఇదే.

2021 ఆగస్టు 14న సమిట్‌లో వాన పడింది. అక్కడ వాన నమోదవడం అదే మొదటిసారి. గ్రీన్‌లాండ్‌కు పడమరన ఉన్న బాఫిన్ దీవి మీద అల్పపీడనం, గ్రీన్‌లాండ్‌కు ఆగ్నేయంగా అధిక పీడనం నిలిచి, రెండింటి నడుమ తేమ గాలిని ఉత్తరానికి తోశాయి. మూడు రోజుల్లో మంచు పలక మీద 700 కోట్ల టన్నుల వాన కురిసిందని అంచనా. వాన వేడికే మంచు కరిగిపోతుందనుకుంటాం కానీ, 5 డిగ్రీల వాన నీరు కిలో తెచ్చే వేడి 21 కిలోజౌళ్లే. దానితో కరిగేది కిలోలో పదహారో వంతు. ఆ నీరు మంచులో ఇంకి గడ్డకట్టి విడిచే వేడి దానికి పదహారు రెట్లు. తడిసిన మంచు గింజలు లావెక్కి రంగు మందగించి, తర్వాత రోజుల్లో ఎండను ఎక్కువ పీల్చుకోవడం మరో దెబ్బ.

అడుగు నుంచి తినే నీరు

గాలి ప్రభావం పైపొర దగ్గరే ఆగదు. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లోని యాకబ్‌షావ్న్ హిమానీనదం మూతి దగ్గరకు 1997 నుంచి వెచ్చని సముద్రపు నీరు చేరింది. సముద్రం మీదికి చాచుకుని తేలే దాని మంచు నాలుక పల్చబడి, ముక్కలైపోయింది. 2012 వేసవిలో ఆ మంచు రోజుకు 46 మీటర్ల వేగంతో సముద్రంలోకి జారింది. 2016 నుంచి అనుకోని మార్పు వచ్చింది. హిమానీనదం నెమ్మదించి, మూతి దగ్గర తిరిగి మందపడింది. ఆ హిమానీనదం ముందున్న డిస్కో అఖాతంలోకి వచ్చే నీరు 1980ల నాటి స్థాయికి చల్లబడటమే కారణం. ఉత్తర అట్లాంటిక్ డోలనం ధనాత్మకంగా ఉన్న శీతకాలాల్లో చల్లటి గాలులు సముద్రం నుంచి వేడిని లాగేస్తాయి. ఆ చల్లబడ్డ నీరే ప్రవాహాల వెంట ఒకటి రెండేళ్లకు అక్కడికి చేరింది. గాలి తీరు మళ్లీ మారితే వెచ్చని నీరు తిరిగి వస్తుంది. దీన్ని కోలుకోవడంగా లెక్కేయడం తొందరపాటు.

అంటార్కిటికాలో ఈ అడుగు కరుగుదలే ప్రధానం. అక్కడ పైన కరిగేది తక్కువ, చలి అంత ఎక్కువ. ఖండం చుట్టూ అడ్డు లేకుండా తిరిగే పడమటి గాలులు ఒక్కో కాలంలో బిగుసుకుని ధ్రువం వైపు జరుగుతాయి, ఒక్కోసారి సడలుతాయి. దీన్ని దక్షిణ వలయ డోలనం అనవచ్చు. గత కొన్ని దశాబ్దాల్లో, ముఖ్యంగా వేసవిలో, అవి బిగుసుకునే వైపే మొగ్గాయి. ఓజోన్ రంధ్రం, గ్రీన్‌హౌస్ వాయువులు రెండూ ఇందుకు కారణాలు.

పశ్చిమ అంటార్కిటికాలో అముండ్సెన్ సముద్రం మీద దాదాపు ఎప్పుడూ ఒక అల్పపీడనం ఉంటుంది. దాని లోతు, చోటు మారినప్పుడల్లా తీరం దగ్గర గాలి మారుతుంది. ఖండపు అంచు దగ్గర పడమటి గాలి పెరిగితే, లోతున ఉండే ఉప్పటి వెచ్చని నీరు ఎక్కువగా తీరపు తిట్ట (ఖండపు అంచున లోతు తక్కువగా ఉండే సముద్రపు నేల) మీదికి ఎక్కి, సముద్రం అడుగున ఉన్న పాత హిమ లోయల వెంట హిమానీనదాల కిందికి చేరుతుంది. వెచ్చన అంటే ఒక డిగ్రీ సెల్సియస్ దగ్గర. అదేం వేడి అనిపిస్తుంది. కానీ సముద్రపు నీరు ఉపరితలం దగ్గర గడ్డకట్టేది మైనస్ 1.9 డిగ్రీల దగ్గర, లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు మరో ముప్పావు డిగ్రీ కిందికి. కిలోమీటరు లోతున ఆ మంచుకు ఒక డిగ్రీ నీరంటే కరిగే స్థాయి కంటే మూడున్నర డిగ్రీలు ఎక్కువ. థ్వైట్స్ హిమానీనదాన్ని తినేస్తున్నది ఈ నీరే. అది మొత్తం పోతే ప్రపంచ సముద్రమట్టం సుమారు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆ అల్పపీడనం పసిఫిక్ ఉష్ణమండలం నుంచి వచ్చే తరంగాలకు లోబడి ఉంటుంది కాబట్టి, ఎల్ నినో ప్రభావం కూడా అక్కడిదాకా పోతుంది. ఎల్ నినో ఏళ్లలో ఆ తీరపు తేలే మంచు మీద హిమపాతం పెరుగుతుంది, అడుగున కరగడమూ పెరుగుతుంది. పైన చేరేది తేలిక మంచు, కింద పోయేది బరువైనది. ఎత్తు కొలిచే ఉపగ్రహం మంచు పెరిగిందని చూపిస్తున్నప్పుడే బరువు తగ్గుతుండవచ్చు.

అంటార్కిటిక్ ద్వీపకల్పంలో కథ వేరు. బలపడ్డ పడమటి గాలులు అక్కడి పర్వతాలు ఎక్కి, తేమను పడమటి వైపే వదిలేసి, తూర్పు వాలున దిగుతూ వేడెక్కుతాయి. వీటిని ఫ్యోన్ గాలులంటారు. తూర్పున లార్సెన్ బీ అనే తేలే మంచు చప్టా మీద నీటి మడుగులు కట్టాయి. నీరు మంచు కంటే బరువు కాబట్టి పగుళ్లలో దిగి వాటిని అడుగుదాకా చీలుస్తుంది. 2002 ప్రారంభంలో 3,250 చదరపు కిలోమీటర్ల చప్టా వారాల్లోనే ముక్కలైంది. తేలే మంచు విరిగినందుకు సముద్రమట్టం పెరగదు. దాని వెనక ఆగి ఉన్న హిమానీనదాలు అడ్డు తొలగి రెండు నుంచి ఆరు రెట్లు వేగంగా జారడం వల్ల పెరిగింది.

2022 మార్చిలో తూర్పు అంటార్కిటికా మీదికి తేమ గాలి ఒక నదిలా దూసుకొచ్చి, లోతట్టున ఉన్న కాంకోర్డియా కేంద్రం దగ్గర ఉష్ణోగ్రతను సగటు కంటే దాదాపు 39 డిగ్రీలు పైకి తీసుకెళ్లింది. అప్పటికే క్షీణించిన కాంగర్ చప్టా ఆ రోజుల్లోనే కూలిపోయింది. ఖండం మొత్తం మీద చూస్తే మాత్రం ఆ తేమ మంచుగా కురిసి బరువు పెంచింది. ఒకే గాలి ఒకచోట పడగొట్టి, ఇంకోచోట నింపింది.

అంచనాలు ఎక్కడ తడబడుతున్నాయి

గడిచిన ఏడాది లెక్కలు బాగానే కుదురుతాయి. నిజంగా వీచిన గాలుల సమాచారాన్ని మార్, రాక్మో వంటి ప్రాంతీయ కంప్యూటర్ నమూనాలకు ఇస్తే, కరిగింది, గడ్డకట్టింది, పారింది విడివిడిగా తేలుతుంది. దాన్ని ఉపగ్రహ తూకంతో సరిచూస్తారు. చిక్కు భవిష్యత్తుతోనే. భవిష్యత్తు గాలులు ప్రపంచ వాతావరణ నమూనాల నుంచి రావాలి. 1990ల నుంచి గ్రీన్‌లాండ్ మీద వేసవి బ్లాకింగ్ పెరిగిన తీరును ఆ నమూనాలు చూపించలేకపోయాయి. ఆ పెరుగుదల ఆర్కిటిక్ వేడెక్కడం వల్ల వచ్చిందా, సహజమైన ఊగిసలాటా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది. మొదటిదే నిజమైతే, రాబోయే కరుగుదలను ఆ అంచనాలు తక్కువ చేసి చూపుతున్నట్టే. రెండోదే అయితే 2013, 2017, 2018 వంటి చల్లటి వేసవులు ఇంకా వస్తాయి. అయితే ఆ ఏళ్లలోనూ గ్రీన్‌లాండ్ మొత్తం మీద మంచును కోల్పోతూనే ఉంది. 1990ల చివరి నుంచి లాభంతో ముగిసిన ఏడాది లేదు.

సుమారు 360 గిగాటన్నులు కరిగితే ప్రపంచ సముద్రమట్టం సగటున ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. 2019 వాటా ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఈ నీరు అన్ని తీరాలకూ సమానంగా చేరదు. గ్రీన్‌లాండ్ బరువు తగ్గితే దాని గురుత్వాకర్షణ తగ్గి, చుట్టూ 2,000 కిలోమీటర్ల వరకు సముద్రం కిందికి దిగుతుంది. ఆ నీరు దూర తీరాలకు పోతుంది. కాకినాడ, మచిలీపట్నం అక్కడికి తొమ్మిది వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాయి. గ్రీన్‌లాండ్ నీటిలో సగటుకు తగ్గని వాటా వచ్చే దూరం అది. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి కృష్ణా, గోదావరి డెల్టాల నేల కుంగుతున్నందువల్ల ఇక్కడ నీరు ఎక్కే ఎత్తు, నేల దిగే లోతు రెండూ కలిపే లెక్కించాలి.